తమ్ముడి కోసం ఇల్లు తాకట్టు పెట్టిన అక్క: మెంఫిస్‌లో స్టాక్స్ జాడ వెతుక్కుంటూ

శుక్రవారం రాత్రి, కాలియర్‌విల్

మెంఫిస్ చుట్టుపక్కల మనవాళ్లు బాగానే ఉన్నారు. ఫెడెక్స్ హెడ్డాఫీసు ఆ ఊళ్లోనే ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్ వాళ్లకి అక్కడ పనికి లోటు లేదు. మా చిన్నాన్న కూతురు వాళ్లు కూడా అలా వచ్చి కాలియర్‌విల్‌లో స్థిరపడ్డవాళ్లే. డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి నేనూ, హ్యూస్టన్ నుంచి మా తమ్ముడూ వాళ్లింట్లో దిగాం. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, వడియాలు వేసి భోజనం పెట్టింది.

"రేపెక్కడికి అక్కా?" అంది.

"మెక్‌లెమోర్ అవెన్యూకి. స్టాక్స్ మ్యూజియం చూడాలి, నల్లవాళ్ల సోల్ పాటలు వేసిన పాత రికార్డు కంపెనీ."

మరిదిగారు చెయ్యి ఆపి నావైపు చూశారు. "సౌత్ మెంఫిసా? అటెందుకండీ, గ్రేస్‌ల్యాండ్ చూడండి, మేం మూడుసార్లు చూశాం" అన్నారు. ఎవరు చుట్టాలొచ్చినా వాళ్లు తీసుకెళ్లేది ఆ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇంటికేనట. స్టాక్స్ పేరు వాళ్లు వినలేదు. తప్పు పట్టడానికి లేదు. ఆ పేటలో మనవాళ్లకి పనేమీ ఉండదు, పైగా వార్తల్లో వినపడేదంతా కాల్పుల గురించే. "పగలు వెళ్లి పగలే వచ్చెయ్యండి, కారులో బ్యాగులు కనపడేలా పెట్టకండి" అని జాగ్రత్తలు చెప్పారు. మా చెల్లెలు ఎందుకైనా మంచిదని రెండు పులిహోర డబ్బాలు కట్టి ఇచ్చింది.

మా తమ్ముడు ఆఫీసు లేనప్పుడు డ్రమ్స్ వాయిస్తాడు. ఈ ప్రయాణం వాడి పుణ్యమే. స్టాక్స్‌లో డ్రమ్స్ వాయించిన ఆల్ జాక్సన్ జూనియర్ అంటే వాడికి దేవుడు. నాకు మాత్రం ఆ కంపెనీ కథే ముఖ్యం, ఎందుకంటే దాన్ని నిలబెట్టింది ఒక అక్కా తమ్ముడూ. తమ్ముడు జిమ్ స్టీవార్ట్ బ్యాంకు గుమాస్తా, పల్లెటూరి ఫిడేలు వాయిద్యగాడు. 1957లో శాటిలైట్ అనే పేరుతో చిన్న రికార్డు కంపెనీ పెట్టాడు. చేతిలో సరైన రికార్డింగ్ మెషీన్ కూడా లేదు. అతనికంటే పన్నెండేళ్లు పెద్దదైన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్, భర్తని ఒప్పించి ఇల్లు తాకట్టు పెట్టి 2,500 డాలర్లు తెచ్చింది. ఆ డబ్బుతో ఆంపెక్స్ టేప్ మెషీన్ కొన్నారు.

పడుకోబోయే ముందు మా వాడు అడిగాడు, "నేనడిగితే ఫ్రిస్కో ఇల్లు తాకట్టు పెడతావా అక్కా?" అని. లైటార్పి పడుకో అన్నాను.

శనివారం పొద్దున, లూసీ అవెన్యూ

జాక్సన్ వాయింపు నాకు వివరించే హడావిడిలో మా వాడు తిరగాల్సిన మలుపు దాటేశాడు. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ పడాల్సిన చోటికి వెంట్రుకవాసి వెనక పడతాయట. స్టీరింగ్ మీద వాయించి చూపిస్తూ ఓ ఇరుకు వీధిలోకి తీసుకెళ్లి ఆపాడు. కొన్ని ఇళ్లకి కిటికీల మీద చెక్కలు కొట్టేసి ఉన్నాయి, పక్కనే నీటుగా రంగు వేసుకుని పూలకుండీలు పెట్టుకున్న ఇళ్లు. వీధి పేరు చూస్తే లూసీ అవెన్యూ. గాయని అరీథా ఫ్రాంక్లిన్ 1942లో పుట్టిన 406వ నంబరు ఇల్లు ఆ వీధిలోనే ఉంది. అగ్గిపెట్టెంత ఇల్లు. ఆమె పసిపిల్లగా ఉండగానే కుటుంబం ఊరు వదిలేసింది. తర్వాత ఆమె పాడింది స్టాక్స్‌లో కాదు గానీ, ఈ పేటకి ఆమె కూడా సొంత మనిషే.

ఎదురింటి అరుగు మీద ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. ఇక్కడ అది మర్యాద. మనిషి కనపడితే పలకరించాలి, పలకరించకుండా కారు దిగి ఫొటోలు తీసుకుంటే తప్పుగా చూస్తారు. మేం కూడా "ఎలా ఉన్నారు సార్" అన్నాక, మ్యూజియానికి దారి చెప్పాడు. నన్ను "బేబీ" అన్నాడు. నాకు నలభై ఆరేళ్లు. దక్షిణాదిలో పెద్దవాళ్లు అలాగే పిలుస్తారు, మనం "అమ్మాయీ" అన్నట్టు.

మెక్‌లెమోర్ అవెన్యూ, 926

ఒకప్పుడిది క్యాపిటల్ అనే సినిమా హాలు. చుట్టూ తెల్లవాళ్లు ఖాళీ చేసి శివార్లకి పోతుంటే హాలు మూతపడింది. 1960లో అక్కాతమ్ముళ్లు దాన్ని అద్దెకి తీసుకున్నారు. సినిమా పేర్లు పెట్టే బోర్డు మీద తర్వాత రోజుల్లో "సోల్స్‌విల్ యూఎస్ఏ" అని పెట్టారు. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ వాళ్లు తమ ఇంటికి "హిట్స్‌విల్ యూఎస్ఏ" అని బోర్డు పెట్టుకున్నందుకు అది జవాబు. ఇప్పుడు కూడా అలాంటి బోర్డే కనపడుతుంది.

టికెట్ ఒక్కొక్కరికి 20 డాలర్ల దగ్గర పడింది. మొదట చిన్న సినిమా వేస్తారు. తలుపు తీసి లోపలికి పంపగానే ఎదురుగా చెక్క చర్చి. బొమ్మ చర్చి కాదు, మిసిసిపీలోని డంకన్ అనే ఊళ్లో 1906 ప్రాంతంలో కట్టిన హూపర్ చాపెల్‌ని విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. సోల్ సంగీతం చర్చి పాటలోంచి వచ్చిందని గోడ మీద రాసి వదిలేయకుండా చర్చినే తెచ్చి పెట్టడం నాకు నచ్చింది. బల్లలు చేతులు ఆని ఆని నునుపు తేలాయి.

స్టూడియో ఏ గదిలోకి అడుగు పెట్టగానే కాలికి తేడా తెలుస్తుంది. నేల వాలుగా ఉంటుంది. సినిమా హాలు కదా, వెనక వరస వాళ్లకి తెర కనపడాలని అలా కట్టారు. సీట్లు పీకేశారు కానీ నేలని సమం చేసే డబ్బు లేదు. తెర ఉన్న వేదిక మీద కంట్రోల్ రూం పెట్టారు, తెర వెనకాలి పెద్ద స్పీకర్‌ని పాట వినడానికి వాడుకున్నారు. ఏ రెండు గోడలూ సరిగ్గా ఎదురెదురుగా లేకపోవడంతో ఆ గదికి ఒక ప్రత్యేకమైన మోత వచ్చింది. ఒక పిల్లాడు బొమ్మకారు నేల మీద వదిలితే అది దానంతటదే దొర్లుకుంటూ డ్రమ్ముల దాకా పోయింది. వాళ్లమ్మ కోప్పడింది. మా వాడు మాత్రం ఆ వాలు చూసి మురిసిపోయాడు. ఇదంతా మళ్లీ కట్టిందే అని వాడికి గుర్తు చేశాను. అసలు భవనాన్ని 1989లో కూలగొట్టేశారు. చాలాకాలం ఇక్కడ ఖాళీ స్థలమే ఉండేది. మ్యూజియం 2003లో తెరిచారు.

నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది స్టూడియో పక్కనున్న రికార్డుల కొట్టు. హాల్లో పాప్‌కార్న్ అమ్మే చోట ఎస్టెల్ శాటిలైట్ రికార్డ్ షాప్ పెట్టింది. కంపెనీకి నాలుగు డబ్బులు రాలేని రోజుల్లో ఆ కొట్టే అద్దె కట్టింది. పేట కుర్రాళ్లు వచ్చి గంటలకొద్దీ పాటలు వింటుంటే ఆమె వెళ్లగొట్టేది కాదు. ఏ పాటకి కాలు కదిలిస్తున్నారు, ఏది కొంటున్నారు అని చూసేది. లోపల రికార్డు చేసిన కొత్త పాటని ముందు కొట్టులో వినిపించి, వాళ్ల మొహాలు చూసి ఇది ఆడుతుంది, ఇది ఆడదు అని చెప్పేది. 1961లో ఒక వాయిద్యాల ముక్కని పక్కన పడేస్తే, పట్టుబట్టి విడుదల చేయించింది కూడా ఆమే. ఆ 'లాస్ట్ నైట్' దేశమంతా ఆడింది. అందులో శాక్సోఫోన్ వాయించినవాళ్లలో ఆమె కొడుకూ ఉన్నాడు. అది వేరే సంగతి.

ఆ తలుపు తీసి ఉండబట్టే మిగతా అంతా జరిగిందని నా నమ్మకం. ఎదురుగా కిరాణా కొట్టులో సరుకులు సంచుల్లో వేసే డేవిడ్ పోర్టర్ వీధి దాటి లోపలికి వచ్చాడు, ఐజాక్ హేస్‌తో కలిసి శామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంటకి పాటలు రాశాడు. ఆర్గన్ వాయించే బుకర్ టీ జోన్స్ అప్పటికి హైస్కూలు కుర్రాడు. రేడియోలో మాట్లాడుతూ బట్టల మిల్లులో కూడా పనిచేసే రూఫస్ థామస్, తన కూతురు కార్లాని వెంటబెట్టుకుని వచ్చి ఈ హాల్లో మొదటి హిట్ పాడాడు. ఆ పాటతో న్యూయార్క్ నుంచి అట్లాంటిక్ రికార్డ్స్ కన్ను వీళ్ల మీద పడింది. శాటిలైట్ పేరు ఇంకెవరికో ఉందని తేలడంతో 1961లో స్టీవార్ట్, ఆక్స్‌టన్ ఇంటిపేర్లలో మొదటి రెండేసి ఇంగ్లీషు అక్షరాలు కలిపి స్టాక్స్ అన్నారు. 1962లో ఇంకొకరి దగ్గర డ్రైవరుగా వచ్చిన, తర్వాత స్టాక్స్‌కి పెద్ద గాయకుడైన ఒటిస్ రెడ్డింగ్, సాయంత్రం కాస్త టైం మిగిలితే ఒక పాట పాడనివ్వమని అడిగాడు. మిగిలింది.

స్టాక్స్ పాటలకి వాయించే బుకర్ టీ అండ్ ద ఎంజీస్ బృందంలో ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. అదే ఊళ్లో అంతకు కొద్దికాలం ముందుదాకా నల్లవాళ్లకి జూ చూడ్డానికి వారంలో ఒక్కరోజే ఇచ్చేవాళ్లు. మ్యూజియం ఈ సంగతి గొప్పగా చెబుతుంది, చెప్పాల్సిందే. కానీ కంపెనీ కాగితాల మీద యజమానులు మాత్రం చాలాకాలం తెల్లవాళ్లే అన్న మాట మీద ఇంకాస్త సేపు ఆగి ఉంటే బాగుండేది.

చివరి గదిలో ఐజాక్ హేస్ కారు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. 1972 క్యాడిలాక్ ఎల్డొరాడో, నెమలికంఠం రంగు. వైపర్లకి కూడా బంగారు పూత. లోపల నేలంతా తెల్లటి బొచ్చు, టీవీ, చిన్న ఫ్రిజ్. 1976లో హేస్ దివాలా తీసినప్పుడు కారుతో పాటు తన పాటల మీద ముందుముందు రావాల్సిన రాయల్టీలు కూడా పోయాయి. పిల్లలందరూ కారు దగ్గర ఫొటోలు తీసుకుంటున్నారు. మేమూ తీసుకున్నాం.

మధ్యాహ్నం, ఫోర్ వే

పులిహోర డబ్బాలు కారులోనే ఉండిపోయాయి. మ్యూజియం నుంచి కాస్త దూరంలో, మిసిసిపీ బులెవార్డ్ మీద ఫోర్ వే ఉంది. 1946లో మొదలైన హోటల్. స్టాక్స్ వాళ్లు పని మధ్యలో తినడానికి వచ్చేది ఇక్కడికే. మార్టిన్ లూథర్ కింగ్ కూడా తిన్నాడు.

బల్ల దొరకడానికి అరగంట పట్టింది. వరసలో మా ముందున్నావిడ చర్చి కమిటీ సంగతులన్నీ చెప్పేసింది. నేను వేయించిన క్యాట్‌ఫిష్, రెండు కూరలు తీసుకున్నాను, మా వాడు టర్కీ తీసుకున్నాడు. కూరల్లో బొబ్బర్లున్నాయి, బెండకాయ ఉంది, చిలగడదుంప ఉంది, ముదురు కాలర్డ్ ఆకుకూర ఉంది. పేర్లు చూస్తే మనింటి వంటే. రుచి వేరు. బొబ్బర్లు బాగా మెత్తగా, ఉప్పూ మిరియాలతో. చిలగడదుంప నిండా పంచదార, దాన్ని కూర కింద లెక్కెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఆకుకూరలో ఏ మాంసం వేస్తారో అడిగి తీసుకోవడం మంచిది, ఊరికే ఆకే అనుకుంటే పొరపాటు. క్యాట్‌ఫిష్ మీద మొక్కజొన్న పిండి పొర కరకరలాడుతూ, లోపల చేప వేడి పొగలు కక్కుతోంది. బల్ల మీద సీసాలో సిర్కాలో నానిన పచ్చిమిరపకాయలు పెట్టారు. ఆ సిర్కా ఆకుకూర మీద చల్లుకోవాలని వడ్డించేవిడ చూపించింది. అది పడ్డాకే నాకు అన్నం తిన్నట్టనిపించింది. ఇద్దరికీ తీపికి తీసుకున్న పీచ్ కాబ్లర్‌తో కలిపి 45 డాలర్లు దాకా అయింది, టిప్పు వేరే.

సాయంత్రం, లొరెయిన్ మోటెల్

చాలామందికి ఈ చోటు 1968 ఏప్రిల్ 4న కింగ్‌ని కాల్చిన చోటుగానే తెలుసు. 306వ గది ముందు వరండాకి పూలచక్రం కట్టి ఉంటుంది. లోపల పౌరహక్కుల మ్యూజియం ఉంది. పారిశుధ్య కార్మికుల సమ్మె గురించి అక్కడ వివరంగా ఉంది. ఇద్దరు కార్మికులు చెత్త లారీలో నలిగి చనిపోతే 1,300 మంది పని మానేశారు, వాళ్లకి మద్దతుగానే కింగ్ ఈ ఊరొచ్చాడు.

స్టాక్స్ వాళ్లకి మాత్రం లొరెయిన్ అంతకుముందు ఇంకో రకంగా తెలుసు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చుంటే ఎవరూ ఏమీ అనని చోట్లు ఊళ్లో ఇలాంటివి ఒకటి రెండే. గిటారిస్టు స్టీవ్ క్రాపర్, గాయకుడు ఎడ్డీ ఫ్లాయిడ్ ఒక ఉరుముల రాత్రి ఈ మోటెల్ గదిలో కూర్చుని 'నాక్ ఆన్ ఉడ్' కట్టారు. పాటలో ఉరుములూ మెరుపులూ అలా వచ్చి చేరాయి. ఆ వరండా కింద నిలబడి ఈ మాట మా వాడు చెప్పాడు. ఇద్దరం కాసేపు దాని గురించి ఏమీ మాట్లాడుకోలేదు.

నిజానికి స్టాక్స్‌కి చెడ్డరోజులు నాలుగు నెలల ముందే మొదలయ్యాయి. 1967 డిసెంబరు 10న ఒటిస్ రెడ్డింగ్ ఎక్కిన చిన్న విమానం విస్కాన్సిన్‌లో మొనోనా సరస్సులో పడింది. అతనితో పాటు బార్-కేస్ బృందం కుర్రాళ్లు నలుగురు పోయారు. బెన్ కాలీ ఒక్కడే బతికి బయటపడ్డాడు. తర్వాత కింగ్ హత్య. ఆ దెబ్బకి ఏడాది పాటు ఏమీ రాయలేకపోయానని ఐజాక్ హేస్ చెప్పుకున్నాడు. సరిగ్గా అదే కాలంలో కాగితం దెబ్బ తగిలింది.

అట్లాంటిక్‌ని వార్నర్ వాళ్లకి అమ్మేశారు. అప్పుడు జిమ్ స్టీవార్ట్ 1965 నాటి ఒప్పందం తీసి చదివించాడు. అప్పటిదాకా అది కేవలం పాటలు పంచే ఒప్పందం అనుకున్నాడు. అట్లాంటిక్ పంపిణీ చేసిన స్టాక్స్ పాటలన్నిటి అసలు టేపులూ అట్లాంటిక్‌వే అని అందులో ఉంది. మెక్‌లెమోర్‌లో, వీళ్ల డబ్బుతో, వీళ్ల మనుషులు వాయించిన పాటలు. బ్యాంకులో పనిచేసిన మనిషి! చదవకుండా సంతకం పెట్టొద్దని మా నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. స్టాక్స్ చేతిలో పాత పాట ఒక్కటి లేకుండా 1968లో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

మొదలుపెట్టారు కూడా. ప్రచారం చూడ్డానికి 1965లో వచ్చిన ఆల్ బెల్ అనే నల్లజాతి రేడియోమనిషి పగ్గాలు పట్టాడు. 1969లో ఒక్క ఊపున 27 ఆల్బములు బయటికి తెచ్చాడు. వాటిలో లెక్క పూరించడానికి వేసిన ఐజాక్ హేస్ ఆల్బములో ఉన్నవి నాలుగే పాటలు, ఒకటి పద్దెనిమిది నిమిషాలకి పైన. కంపెనీని నిలబెట్టింది అదే. 1972 ఆగస్టు 20న లాస్ ఏంజెలెస్ కొలీజియంలో డాలరు టికెట్‌తో వాట్‌స్టాక్స్ కచేరీ పెడితే లక్షమందికి పైగా వచ్చారు. ఈలోగా ఎస్టెల్‌కి బెల్‌తో పొసగక తప్పుకుంది. కొట్టులో కూర్చుని కుర్రాళ్ల మొహాలు చూసే మనిషి పోయాక వచ్చిన నిర్ణయాలన్నీ పెద్ద కంపెనీలతో, పెద్ద అప్పులతో తీసుకున్నవే. సీబీఎస్‌తో పంపిణీ ఒప్పందం బెడిసికొట్టింది, రికార్డులు కొట్లకి చేరలేదు. యూనియన్ ప్లాంటర్స్ బ్యాంకు అప్పులకి సొంత హామీ ఇచ్చిన జిమ్ తన ఇల్లు పోగొట్టుకున్నాడు. 1975 డిసెంబరు 19న స్టాక్స్‌కి తాళం పడింది. బెల్ మీద పెట్టిన బ్యాంకు మోసం కేసు తర్వాత కోర్టులో నిలవలేదు.

అక్క తాకట్టు పెట్టిన ఇల్లు నిలిచింది, తమ్ముడి ఇల్లు పోయింది. ఇది మా వాడితో అనలేదు.

ఆదివారం, మిడ్‌టౌన్‌లో రికార్డుల కొట్టు

తిరుగు ప్రయాణానికి ముందు పాత రికార్డుల కొట్టుకి వెళ్లాం. ఆదివారం కదా, చర్చిలు విడిచేదాకా రోడ్లు ఖాళీ. కొట్టులో కుర్రాడు స్టాక్స్ కావాలనగానే ఏమీ మాట్లాడకుండా రెండు పెట్టెలు తెచ్చి పెట్టాడు. ఒక పెట్టెలో లేబుళ్లు లేత నీలం, దాని మీద రికార్డుల దొంతర బొమ్మ. రెండో దానిలో పసుపు, చిటిక వేస్తున్న వేళ్ల బొమ్మ. నీలం వాటి కాలం 1968తో సరి, అవి ఈనాటికీ వార్నర్ వాళ్లవే. పసుపువి చేతులు మారి మారి ఇప్పుడు కాంకర్డ్ అనే కంపెనీ దగ్గర ఉన్నాయి. ఒక కంపెనీ పాటలు రెండు ఇళ్లల్లో.

మా వాడు బుకర్ టీ వాళ్ల 'గ్రీన్ ఆనియన్స్' నీలం రికార్డు తీసి కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. "అక్కా, ఇక్కడ చూడు, అట్లాంటిక్ పంపిణీ అని అచ్చు వేసే ఉంది" అన్నాడు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నాకు కళ్లజోడు లేకుండా కనపడలేదు.

నీలానిది 14 డాలర్లు, స్టేపుల్ సింగర్స్ పసుపుది 8. పసుపు దాని మీద గీత ఉందని చూపిస్తే కుర్రాడు అక్కడే ప్లేయర్ మీద పెట్టి వినిపించాడు, రెండు డాలర్లు తగ్గించాడు. పన్నుతో కలిపి 22 దాకా అయింది. మా వాడు జేబులు తడుముకున్నాడు. నేనే కట్టాను.